చేతిలో జుమ్మనే నరం

ప్రశ్న: మా ఆయన వయసు 48. పన్నెండేళ్లుగా షుగరు, ఏడేళ్లుగా బి.పి. వున్నాయి. రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని చెప్పారు. మూడు నెలలుగా మెడ దగ్గర పైపు వేసి డయాలసిస్ చేస్తున్నారు. మూడు వారాల కింద హైదరాబాదులో ఎడమచేతి మణికట్టు పైన చిన్న ఆపరేషన్ చేసి "ఫిస్టులా వేశాం" అన్నారు. అప్పటినుంచి ఆ చెయ్యి రాత్రీ పగలూ జుమ్మంటున్నది. చెయ్యి తలకింద పెట్టుకుంటే ఆ చప్పుడు చెవిలో మోగి ఆయనకు నిద్ర పట్టడం లేదు. మా అత్తమ్మ గట్టిగా గుడ్డ కడదామంటున్నది. మా ఊళ్లో మందులిచ్చే ఆయన రక్తం మరుగుతున్నదని చెప్పాడు. పెద్ద డాక్టరుగారు మాత్రం, రక్తం ధాటికి నరం ఆరు వారాల్లో లావవుతుంది, అప్పుడు దానికి సూదులు వేస్తాం అన్నారు. ధాటికి లావైన నరం పగలదా? దీన్ని మూయించేయమని ఈయన పట్టుపడుతున్నారు. పొలం పని చేయవచ్చునా? జవాబు త్వరగా ఇవ్వగలరు. - ఒక సోదరి, గరిడేపల్లి మండలం.

జవాబు: అమ్మా, గుడ్డ కట్టవద్దు. మూయించవద్దు. ఈ రెండు మాటలూ మీ అత్తగారికీ, మీ వారికీ ముందు చదివి వినిపించి, తక్కినది తీరిగ్గా చదువుకోండి. చెయ్యి జుమ్మంటున్నదంటే ఆపరేషన్ ఫలించిందన్నమాట. ఆ జుమ్ము ఏ రోజు ఆగిపోతే ఆ రోజు మీరు కంగారుపడాలి.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. ఫిస్టులా అనగానే మనవాళ్లకు భగందరం గుర్తుకొస్తుంది. ఆ మాట విని, "మా ఆయనకు చేతికి కూడా భగందరం వచ్చిందా డాక్టరుగారూ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నవారిని నేను చూశాను. సహజంగా లేని చోట ఏర్పడిన దారి ఏదైనా ఫిస్టులాయే. మలద్వారం పక్కన రోగం వేసిన దారి భగందరం. మీ వారి చేతిలో వున్నది సర్జన్ కావాలని వేసిన దారి. అదికాక రక్తనాళాన్నీ, స్పర్శ తెలిపే నాడినీ కూడా మనం నరమనే అంటాం. ఇక్కడ నరమంటే రక్తనాళమే. గుండెనుంచి రక్తం తెచ్చేది ధమని, గుండెకు తిరిగి తీసుకుపోయేది సిర. మణికట్టు దగ్గర ధమనికి పక్కనే వున్న సిరను కుట్టి కలిపారు. అంతే.

ఎందుకు కలిపారంటే, డయాలసిస్ యంత్రానికి రక్తం ధారగా కావాలి. సుమారుగా నిమిషానికి 300 మిల్లీలీటర్లు అనుకోండి. నాలుగు గంటలకు 72 లీటర్లు. ఒంట్లో వున్న అయిదు లీటర్ల రక్తమే మళ్లీ మళ్లీ యంత్రంలోకి పోయి శుభ్రపడి వస్తుంది. పైకి కనిపించే సిరకు సూది గుచ్చితే ఆ ధార రాదు. ధార వున్న ధమని లోతుగా వుంటుంది, గుచ్చితే నొప్పి ఎక్కువ, మాటిమాటికీ గుచ్చితే చెడిపోతుంది. 1943లో హాలండులో విలెం కోల్ఫ్ అనే డాక్టరు కృత్రిమ మూత్రపిండం తయారుచేశాక కూడా చాలా ఏళ్లపాటు వచ్చిన చిక్కు ఇదే. యంత్రం వుంది, అందులోకి రక్తం పంపే దారి లేదు. ప్రతిసారీ ఒక నాళాన్ని కోసి గొట్టం పెట్టాలి, కోసిన నాళం మళ్లీ పనికిరాదు. 1960లో అమెరికాలో స్క్రిబ్నర్ అనే ఆయన టెఫ్లాన్ గొట్టాన్ని చేతిమీద శాశ్వతంగా వుంచేసే పద్ధతి కనిపెట్టాడు కాని, అది చీముపట్టేది, గడ్డకట్టేది. 1966లో న్యూయార్కులోని బ్రాంక్స్ ఆసుపత్రి నుంచి బ్రెషియా, చిమినో అనే డాక్టర్లు, అప్పెల్ అనే సర్జనుతో కలిసి, గొట్టాల జోలికి పోకుండా రోగి సొంత ధమనినీ సిరనూ కలిపే పద్ధతిని ప్రకటించారు. అప్పటికీ ఇప్పటికీ అంతకన్నా మంచిది రాలేదు. మీ వారి చేతిమీద వున్నది అదే.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. రక్తం ధాటికి నరం ఎట్లా లావవుతుంది? ఇది చాలా మంచి ప్రశ్న. డయాలసిస్ రోగులు ఎందరో ఆపరేషన్ చేయించుకుంటారు, ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ.

సైకిల్ ట్యూబులో గాలి కొడితే ఉబ్బినట్టు నరం ఉబ్బుతుందని మీరు అనుకుంటున్నారు. అందుకే పగిలిపోతుందేమో అని భయం. అది అట్లా జరగదు. పారే రక్తం నాళం గోడమీద రెండు రకాలుగా పనిచేస్తుంది. ఒకటి వత్తిడి. గోడను బయటికి నెట్టేది అది. బి.పి. అని మనం కొలిచేది దాన్నే. రెండోది రాపిడి. రక్తం పారేటప్పుడు గోడను ఒరుసుకుంటూ, తన వెంట లాక్కుపోవాలని చూస్తుంది చూడండి, అది. 120 బి.పి. అంటే చదరపు సెంటీమీటరు మీద సుమారు 160 గ్రాముల నెట్టుడు. రాపిడి అట్లా కాదు. ఆరోగ్యంగా వున్న ధమనిలో అది చదరపు సెంటీమీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు. అంటే బొటనవేలి గోరంత స్థలాన్ని ఒక బియ్యపు గింజ బరువు పక్కకు లాగుతున్నట్టు. వత్తిడి ముందు ఇది పదివేలవ వంతు. ఇంత చిన్నదాన్ని చూసి నరమెందుకు లావవుతుంది అనిపిస్తుంది కదా! లావయ్యేది దానివల్లనే.

మీ ప్రాంతంవారికి సాగర్ ఎడమ కాలువ సంగతి చెప్పనవసరం లేదు. 1967లో నీళ్లు వదిలినప్పటినుంచీ చూస్తున్నారు. మట్టి కాలువలో నీరు మందంగా పారే చోట ఒండ్రు పేరుకుంటుంది. ఉరవడిగా పారే చోట గట్టు కోసుకుపోయి కాలువ వెడల్పవుతుంది. రక్తనాళమూ పైకి చూస్తే అట్లాగే నడుస్తుంది. ఎక్కువ రక్తం పారితే వెడల్పవుతుంది, తక్కువ పారితే సన్నబడుతుంది. ఈ సంగతి జర్మన్ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ తోమా 1893లోనే రాశాడు. కాని కాలువ గట్టు మట్టిది, నీరు దాన్ని కోసేస్తుంది. నరం గోడను రక్తం కోయదు. గోడ లోపలివైపున ఒకే ఒక్క వరసలో పరిచిన జీవకణాల పొర వుంటుంది. దాన్ని లోపొర అందాం. ఆ పొర రాపిడిని కనిపెట్టి, "ఇక్కడ ప్రవాహం ఎక్కువైంది, దారి వెడల్పు చేయండి" అని వెనకవున్న కండరానికి కబురుపెడుతుంది. గోడ తనంతట తనే సర్దుకుంటుంది. గండి పడడానికీ, లస్కరు తూము ఎత్తడానికీ వున్నంత తేడా వుంది ఈ రెంటికీ.

కంటికి కనిపించని కణాలకు రాపిడి తెలుస్తుందని ఎట్లా చెప్పగలరు అంటారేమో. ప్రయోగశాలలో చూశారు. కణాలను ఒంటి బయట గాజుపాత్రలోనో, ప్లాస్టిక్ పళ్లెంలోనో, పోషకద్రవం పోసి, శరీరపు వేడిలో వుంచి పెంచుతారు. ఇదేదో విదేశాల వింత అనుకోవద్దు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కనుపాప అంచు కణాలను అట్లా పెంచి, సున్నం పడో యాసిడ్ పడో కళ్లు కాలినవారికి అతికించి చూపు తెప్పించారు. రక్తనాళపు లోపొర కణాలను మొదట పెంచినది ఎక్కడినుంచి తెచ్చో తెలుసునా? బొడ్డుతాడు నుంచి! కాన్పు కాగానే మనం పారేసే బొడ్డుతాడులోని సిరనుంచి 1973లో న్యూయార్కులో జాఫే అనే డాక్టరూ ఆయన సహచరులూ ఆ కణాలను తీసి పళ్లెంలో బతికించారు. నేటికీ ప్రపంచమంతటా ఈ పరిశోధనకు బొడ్డుతాడే ఆధారం.

పళ్లెంలో ద్రవం కదలకుండా నిలవ వుంటుంది. అందులో పెరిగిన కణాలు గచ్చుమీద బండలు పరిచినట్టు, ఏ వైపూ కొసదేరకుండా వుంటాయి. ఒంట్లో రక్తం ఒక్క క్షణమైనా ఆగదు గదా, నిలవనీటిలో పెరిగిన కణాన్ని చూసి పారే రక్తంలోని కణం సంగతి చెప్పడం న్యాయమా అని కొందరికి అనుమానం వచ్చింది. 1981లో డ్యూయీ, జింబ్రోన్, డేవీస్ మొదలైనవారు అమెరికాలో ఒక పరికరం కట్టారు. పళ్లెంలో కణాల పొర, దానిపైన ద్రవం, ఆ ద్రవంలో మొన కిందికి వుండేట్టు ఒక బల్లపరుపు శంకువు. శంకువు తిరుగుతుంటే ద్రవం తిరుగుతుంది, కణాలమీద అంతటా ఒకేలాంటి రాపిడి పడుతుంది. ఎంత వేగంగా తిప్పితే అంత రాపిడి. ఆవు బృహద్ధమని నుంచి తెచ్చిన కణాలను అందులో పెట్టి, ధమనిలో వుండేంత రాపిడి ఇచ్చారు. ఒకటి రెండు రోజుల్లో బండల్లా వున్న కణాలు పొడుగ్గా సాగి, వాగు వాలుకు గడ్డి వాలినట్టు, అన్నీ ఒకే దిక్కుకు తిరిగాయి. రాపిడి మరీ తక్కువగా ఇస్తే అట్లా తిరగలేదు.

ఆకారం మారడం ఒక్కటే కాదు. 1985లో హ్యూస్టన్‌లో బొడ్డుతాడు కణాల మీదుగా ద్రవం పారించి చూస్తే, నిలవ ద్రవంలో వున్నప్పటికన్నా ఎక్కువగా ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థాన్ని అవి విడుదల చేశాయి. రక్తం గడ్డకట్టకుండా చూసేది అది. గుండె కొట్టుకున్నట్టు ఆగి ఆగి తోస్తే ఇంకా ఎక్కువ చేశాయి. రాపిడి తగలగానే ఇవే కణాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును కూడా వదులుతాయి. గోడలోని కండరాన్ని సడలించి నాళాన్ని వెడల్పు చేసేది అదే. మీ ఇంట్లోనో పక్కింట్లోనో గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ బిళ్ల వుంటుంది. ఆ బిళ్ల చేసే పని కూడా ఈ వాయువు ద్వారానే. ఈ వాయువు సంగతి తేల్చినందుకు 1998లో ముగ్గురికి నోబెల్ బహుమానం ఇచ్చారు. కణానికి ఈ స్పర్శ ఎట్లా తెలుస్తుందన్నది తర్వాత తెలిసింది. కణం పైపొరలో సన్నని ద్వారాలున్నాయి. లాగితే తెరుచుకుంటాయి. వాటిలో పీజో అనే రకాన్ని 2010లో ఆర్డెమ్ పాటపూటియన్ బృందం కనుక్కున్నది. ఆయనకు 2021 నోబెల్‌లో సగం వచ్చింది.

రాపిడి ఎక్కువైతే ఎంతయినా మంచిదే అనుకోకూడదు. కణాలను పెద్ద తొట్లలో పెంచి వాటిలో వైరస్ టీకాలు తయారుచేసేవారికి ఇది బాగా తెలుసు. కలియబెట్టకపోతే కణాలకు ప్రాణవాయువు అందదు, చిలికినట్టు కలియబెడితే చిరిగిపోతాయి. ఇంకో సంగతి. 1986లో డేవీస్ బృందమే ద్రవాన్ని సాఫీగా కాకుండా సుడులు తిరిగేట్టు పారించి చూసింది. కణాలు ఏ దిక్కుకూ తిరగలేదు సరికదా, ఊరుకోకుండా విభజన చెందడం మొదలుపెట్టాయి. రాపిడి సగటున తక్కువే వున్నా అట్లా జరిగింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు మీ వారి చేతికి వద్దాం. మామూలుగా మణికట్టు దగ్గరి ధమనిలో నిమిషానికి 20, 30 మిల్లీలీటర్ల రక్తం పారుతుంది. ధమనిని సిరలోకి తెరిచేసరికి దానికి అడ్డు లేదు. ఆపరేషన్ బల్లమీదనే 200, 300కు పెరుగుతుంది. నిదానంగా పారే రక్తానికి అలవాటుపడ్డ సిర లోపొరకు ఒక్కసారిగా ఏరు వచ్చి పడినట్టు అవుతుంది. అది ఊరుకోదు. రాపిడిని మళ్లీ పాత స్థాయికి తెచ్చేదాకా గోడను వెడల్పు చేయిస్తూనే వుంటుంది. ఇందులో ఒక చిన్న లెక్క వుంది. ప్రవాహం 8 రెట్లయితే నరం వెడల్పు 2 రెట్లయితే చాలు, రాపిడి మొదటి స్థాయికి వస్తుంది. 27 రెట్లయితే 3 రెట్లు చాలు. అంటే నిమిషానికి పాతిక మిల్లీలీటర్లు పారే చోట ఆరేడువందలు పారితే, రెండు మిల్లీమీటర్ల నరం ఆరు మిల్లీమీటర్లయితే సరిపోతుంది. సూది వేయడానికి డాక్టర్లు కోరే కొలతలు కూడా సరిగ్గా ఇవే. ప్రవాహం 600 మిల్లీలీటర్లు, వెడల్పు 6 మిల్లీమీటర్లు, చర్మం కింద 6 మిల్లీమీటర్లకు మించని లోతు, ఇదంతా 6 వారాల్లో. మీ పెద్ద డాక్టరుగారు ఆరు వారాలన్నది అందుకే. ఇక పగలడం సంగతి. రాపిడి నరాన్ని వెడల్పు చేస్తుంటే, ఇంకోవైపు ధమని వత్తిడికి సిర గోడ మందమెక్కుతుంది. కాబట్టి సాగి పలచబడే ట్యూబు కాదది, వెడల్పుతోపాటు దళసరి కూడా అవుతున్న గొట్టం. జుమ్మనే చప్పుడు ధమనిలోని రక్తం ఉరవడిగా సిరలోకి దూకేటప్పటి హోరు. రక్తం మరగడం కాదు. మరిగే రక్తం ఏ మనిషిలోనూ వుండదు, మీ ఊరి ఆయనకు చెప్పండి.

అయితే అందరికీ ఇది అనుకున్నట్టు ఎదగదు. షుగరు చాలాకాలంగా వున్నవారిలో ధమని గోడలు గట్టిపడి వుంటాయి, లోపొర కూడా దెబ్బతిని వుంటుంది. మణికట్టు దగ్గర వేసినది కొందరిలో విఫలమవుతుంది. అప్పుడు మోచేయి దగ్గర మళ్లీ వేస్తారు. అధైర్యపడనక్కరలేదు కాని, ఆరు వారాలకు రమ్మన్న తేదీన తప్పక వెళ్లండి. రక్తప్రవాహాన్ని కొలిచే డాప్లర్ పరీక్ష చేస్తారు. ఎదగకపోతే ఎందుకు ఎదగలేదో అప్పుడే తెలుస్తుంది. ఆరు నెలల తర్వాత పోతే సరిచేయడం కష్టం.

ఇందాక సుడుల సంగతి గుర్తుపెట్టుకోమన్నాను. ధమనీ సిరా కలిసిన కుట్టు దగ్గరా, దానికి కాస్త పైనా రక్తం సాఫీగా పారదు, సుడులు తిరుగుతుంది. ప్రయోగశాలలో పళ్లెంలో కణాలు చేసిన పనే అక్కడ చేతిలో జరిగే ప్రమాదముంది. గోడ లోపలికి కణాలు పెరిగి దారి సన్నబడుతుంది. ఫిస్టులా పాడవడానికి ముఖ్య కారణం ఇదే. కనక రోజూ పొద్దున్నా రాత్రీ మీరే మీ వేళ్ల కొసలు మచ్చ పైన ఆనించి చూడండి. పిల్లి గురగురలాడినట్టు సన్నని అదురు తెలియాలి. చెవి ఆనిస్తే తుమ్మెద ఝుంకారంలాగా ఎడతెగకుండా వినిపించాలి. ఝుంకారం పోయి విజిల్‌లాగా సన్నగా వినిపించినా, అదురు బదులు మామూలు నాడిలాగా టక్కుటక్కుమని కొట్టుకున్నా దారి సన్నబడుతున్నదని అనుమానించాలి. డయాలసిస్ మొదలయ్యాక సూదులు తీసిన చోట రక్తం ఆగడానికి రోజూకన్నా ఎక్కువసేపు పట్టినా అంతే. అట్లాంటప్పుడు డయాలసిస్ సిస్టరుకు చెప్పండి, ఆమె డాక్టరుకు చెబుతుంది. ఇక అదురు పూర్తిగా ఆగిపోతే గడ్డకట్టిందన్నమాట. రేపు చూద్దాం, ఎల్లుండి డయాలసిస్‌కు ఎట్లాగూ పోతాం కదా అనవద్దు. అదే రోజు బయలుదేరాలి. ఒకటి రెండు రోజుల్లోపల అయితే చాలామందికి గడ్డ తీసి నాళాన్ని కాపాడవచ్చు.

గుడ్డ కట్టడమంటే ఆ ప్రవాహాన్ని మీ చేతులతో మీరే ఆపడం. ఆపితే గడ్డకడుతుంది. గుడ్డేకాదు, గడియారం, బిగుతైన గాజో కడియమో, బిగువు చేతుల చొక్కా కూడా ఆ చేతికి పనికిరావు. జాన్‌పహాడ్ దర్గాకు పోయి దారం కట్టించుకుంటే కుడిచేతికి కట్టించుకోండి, దానికేం దోషం లేదు. ఆ చేతికి బి.పి. పట్టీ చుట్టనీయకండి, రక్తపరీక్షకు గుచ్చనీయకండి. ఆసుపత్రిలో కొత్త సిస్టరు వస్తే తెలియక అదే చెయ్యి పట్టుకుంటుంది. మొహమాటపడకుండా "ఈ చెయ్యి కాదమ్మా" అనండి. ఆ చేతిమీద పడుకోకూడదు. రాత్రి తలకింద పెట్టుకునే అలవాటు మానేస్తే ఆ హోరూ చెవినపడదు, నిద్రా పడుతుంది. కుట్లు మానాక మెత్తని రబ్బరు బంతి చేతిలో పెట్టుకుని రోజుకు నాలుగైదుసార్లు, ఒక్కోసారి అయిదు నిమిషాలు పిసుకుతూ వదులుతూ వుంటే ప్రవాహం పెరిగి నరం ఎదగడానికి కొంత సాయపడుతుంది. బంతి లేకపోతే చుట్టిన గుడ్డ వుండైనా చాలు. డయాలసిస్ తర్వాత బి.పి. బాగా పడిపోయినప్పుడు కూడా ఫిస్టులా గడ్డకట్టవచ్చు. అందుచేత డయాలసిస్ రోజు పొద్దున బి.పి. బిళ్ల వేసుకోవాలా వద్దా అన్నది మీ డాక్టరును అడిగి రాయించుకోండి. సొంతంగా మానవద్దు.

చెయ్యి చల్లబడి, వేళ్లు తిమ్మిరెక్కి, పాలిపోయి నొప్పిపెడుతుంటే, ధమని రక్తమంతా సిరలోకే పోయి వేళ్లకు చాలడం లేదని అర్థం. అప్పుడు మాత్రం ఆలస్యం చేయక సర్జనుకు చూపించాలి. ఎప్పుడైనా సూది చోటునుంచి రక్తం చిమ్మితే చెయ్యి పైకెత్తి, శుభ్రమైన గుడ్డ మడిచి, సరిగ్గా ఆ రంధ్రం మీదనే రెండు వేళ్లతో గట్టిగా నొక్కిపట్టి 108కి ఫోను చేయించండి. పైన తాడు బిగించి కట్టడం కాదు, రంధ్రం మీద నొక్కడం.

మూయించేయమని మీ వారు అంటున్నారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. ఒంట్లో ఏదో అదురుతుంటే ఎవరికైనా చిరాకే. కాని ఆయన మెడలో వున్న పైపు తాత్కాలికం. అది పెద్ద సిరగుండా గుండె దాకా పోయి వుంటుంది. బయటి క్రిములు ఆ పైపు వెంట నేరుగా రక్తంలోకి పోతాయి. పైపు వున్నన్నాళ్లూ చలితో జ్వరం వచ్చిందంటే మామూలు జ్వరమని పారసిటమాల్ ఇచ్చి ఊరుకోకండి, వెంటనే డయాలసిస్ కేంద్రానికి తీసుకుపొండి. ఫిస్టులా ఎదిగి, దాంతో డయాలసిస్ సాఫీగా జరుగుతున్నదని తేలాక ఆ పైపు తీసేస్తారు. ఆరోగ్యశ్రీ కింద ఏమేమి వస్తాయో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు, చేతి డబ్బు పెట్టేముందు అడగండి.

ఇక్కడ ఇంకొక మాట, ఇది మీకు మాత్రమే కాదు. డయాలసిస్ అంటే ఎక్కడో శ్రీకాకుళం ఉద్దానంలో వాళ్ల గొడవ అనుకునే రోజులు పోయాయి. షుగరు, బి.పి. వున్న ఇల్లు లేని ఊరే లేదు. అట్లాంటివారిలో క్రియాటినిన్ పెరగడం మొదలైందని తెలిసిన రోజునుంచే, రాసే చెయ్యి కాని రెండో చేతి ముంజేతి నరాలను దాచుకోవాలి. రక్తం తీయాలన్నా, సూది వేయాలన్నా అరచేతి వెనకభాగంలో వేయించుకోవాలి. మన పల్లెల్లో జరిగేది ఏమిటి? కాస్త నీరసమంటే చాలు, ముంజేతికి సూది గుచ్చి సెలైను సీసా ఎక్కిస్తారు. ఎక్కించుకున్నవాడికీ తృప్తి, ఎక్కించినవాడికీ డబ్బు. ఆ సీసాలో వున్నది ఉప్పునీరు. కిడ్నీ రోగికి అది బలం కాదు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేర్చే విషం. పైగా గుచ్చిన ప్రతి నరం లోపొర దెబ్బతిని మూసుకుపోతుంది. తర్వాత హైదరాబాదులో సర్జన్ ఫిస్టులాకు నరం వెతికితే రెండు చేతుల్లోనూ తాళ్లలాగా గట్టిపడ్డ నరాలే దొరుకుతాయి. సెలైను సీసా మీద మనవాళ్లకున్న భక్తి ఎప్పుడు వదులుతుందో నాకు తెలియదు. నొప్పి బిళ్లలు నెలల తరబడి మింగడమూ అట్లాంటిదే, దాన్ని గురించి ఇంకోసారి విడిగా రాస్తాను.

కిడ్నీలు బాగున్నవారికి ఈ లోపొర గొడవ ఎందుకని అడగవచ్చు. గుండెపోటు తెచ్చే కొవ్వు గార ధమనుల్లో అంతటా సమంగా పేరుకోదు. లండన్‌లో కారో అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ 1969లో గమనించి రాశారు. రాపిడి తక్కువగా వుండే చోట, అంటే చీలికల దగ్గర, వంపుల దగ్గర ముందుగా పేరుకుంటుందని. కాలువ వంపులో ఒండ్రు పేరుకున్నట్టే. వంపులు అందరికీ వున్నాయి, వాటిని మార్చలేం. మార్చగలిగింది లోపొర ఆరోగ్యం. వేగంగా నడిస్తే కాళ్లకూ గుండెకూ ప్రవాహం పెరిగి, ఆ పొరకు రోజూ కాసేపు మంచి రాపిడి తగులుతుంది. బీడీ, సిగరెట్టు అదే పొర నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేయకుండా అడ్డుపడతాయి. మీ వారికి బీడీ అలవాటు వుంటే ఫిస్టులా కోసమైనా మాన్పించండి.

చివరికి పొలం పని. మోటారు వేయడం, మడికి నీళ్లు మళ్లించడం, గట్టుమీద నిలబడి చేయించడం - కుట్లు పూర్తిగా మానాక, ఒంట్లో ఓపికను బట్టి చేయవచ్చు. మెడలో పైపు వున్నంతకాలం బురదలో దిగవద్దు, పైపు తడవకూడదు. యూరియా బస్తా 45 కిలోలుంటుంది, ఎడమచేత్తో ఎత్తడం, భుజాన వేసుకోవడం ఇకమీదట లేదు. కొడవలి పట్టవద్దు. వరి కోసేటప్పుడు కుదురును పట్టుకునేది ఎడమచెయ్యి, కొడవలి జారితే తగిలేది సరిగ్గా ఆ మణికట్టుకే. మీ ప్రాంతంలో కోతలన్నీ మిషన్లే చేస్తున్నాయి గదా, గట్ల పక్కన మిగిలిన నాలుగు కుదుళ్లు ఇంకెవరితోనైనా కోయించండి.